దుమ్ముకు బెల్లం మందట!

బెల్లం పేరెత్తితే నాకిప్పుడు ఒళ్లు మంట. తీపి మీద కోపమేమిటని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

మా అక్క బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేది. బావ కూడా అక్కడే, కోత మిషను దగ్గర. సాయంత్రం పని దిగే ముందు అక్కడ మనిషికో బెల్లం ముక్క ఇస్తారు. పగలంతా పీల్చిన దుమ్ము బెల్లంతో పాటు దిగిపోతుందని నమ్మకం. ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్మూ కడుపులోకి పోయే బెల్లమూ ఎక్కడ కలుసుకుంటాయో ఇంతవరకు నాకు ఒక్కరూ చెప్పలేదు. మంచి మాస్కు అడిగితే మాత్రం యజమానికి చెవుడొస్తుంది.

అక్కకు దగ్గు పట్టుకుంది. వారాలు గడిచినా తగ్గలేదు. "ఇంకొంచెం బెల్లం తిను, అదే పోతాది" అన్నాడు బావ. చివరికి తెమడ పరీక్ష చేయిస్తే టీబీ లేదన్నారు. "టీబీ ల్యాకపోతే ఇంకేం భయం?" అని అక్క ఆ పూట పండగలాగా ఓళిగలు చేసింది. టీబీ కానంత మాత్రాన జబ్బే లేనట్టు కాదని, ఒకసారి స్కాన్ తీయించమని చెప్పే నోరు ఆ ఆసుపత్రిలో ఒక్కటీ లేకపోయింది.

దగ్గితే నెత్తురు పడ్డాక కర్నూలుకు తీసుకుపోయాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నాడు డాక్టరు. ఎముకలదాకా పాకిందన్నాడు. "ఆమె బీడీ కూడా తాగదు సార్" అన్నాడు బావ, ఎక్కడో పొరపాటు జరిగినట్టు. బీడీ కట్టల మీద బొమ్మలు వేసి వేసి, ఇది తాగేవాళ్ల జబ్బేనని జనం బుర్రల్లో దిగ్గొట్టారు. తాగని ఆడమనిషి దగ్గు ఎవరికి పట్టింది? వానలు పడేలోపే అక్క పోయింది.

మొన్నామధ్య బేతంచెర్లలోనే క్యాన్సర్ అవగాహన సభ పెట్టారు. షామియానా, శాలువాలు, మైకులు. అక్క పనిచేసిన ఫ్యాక్టరీ యజమానే ముఖ్య అతిథి. "మా కూలోళ్ల ఆరోగ్యం మింద మాకు శానా శ్రద్ధ ఉండాది. దినామూ బెల్లం ఇస్తాండాం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ దుమ్ము పీల్చేవాళ్లే కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి అరిచాను.

"మీ బెల్లం తింటా తింటానే మా అక్క సచ్చిపోయింది సార్! మాస్కులు ఇయ్యండి. దగ్గు తగ్గనోళ్లను స్కానుకు పిల్చుకొని పోండి. బీడీలు తాగేవాళ్లను దగ్గు రాకముందే పిల్చుకొని పోండి. అది చెప్పనీకి కాకపోతే ఈ షామియానా ఎందుకు?"

ఇద్దరు వచ్చి నా రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. బావ వెనకాలే వచ్చాడు. "పెద్దోళ్ల ముందర పరువు తీస్తివి కదప్పా" అన్నాడు. ఆయన మీసాలొచ్చినప్పటి నుంచీ కట్టలకు కట్టలు బీడీలు కాల్చినవాడు.

"పరువు సంగతి తర్వాత. ముందు నువ్వు కర్నూలుకు నడువు బావా" అన్నాను.

"నాకేమైంది? దగ్గు కూడా ల్యాదు."

మెడ పట్టి గెంటినంత పనిచేసి మరునాడు బస్సెక్కించాను.

స్కానులో చిన్న గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరే. ఎక్కడికీ పాకలేదు, కోసి తీసేయొచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట విని బావ సంతోషించలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"దాన్ని గూడా ఇట్లే ముందే పిల్చుకొచ్చింటే బతికుండేది కదప్పా" అన్నాడు.

బతికుండేదేమో. ముందే చూపించుకోండన్న ఆ ఒక్క మాట ఆ మైకులో చెప్పమనే నేను అరిచింది.