మూడు కుండల మణెమ్మ

మణెమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని నరసరావుపేటలో ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. అనడానికేం, నోరుంది, అంటారు. ఆ కోపం ఎక్కడ పుట్టిందో ఒక్కరైనా అడిగిన పాపాన పోయారా? అడగరు. అడిగితే చెబుతుందని భయం.

అరవై ఒకటో సంవత్సరం, మే నెల. పేటలో సైన్స్ మ్యూజియం పెడుతున్నారని ఊరంతా ఒకటే గోల. పొగాకు వ్యాపారి త్రికోటేశ్వరరావు తన పాత గోడౌను ఇచ్చాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన శ్రీమన్నారాయణ మేష్టారు పెద్దరికం వహించాడు. ఒక్కో బల్ల దగ్గర ఒకరు నిలబడి వచ్చిన జనానికి వివరం చెప్పాలి, అందుకు వాలంటీర్లు కావాలి. జీతం పైసా లేదు, ఇంటర్వ్యూ మాత్రం ఉంది. పైగా, ఎవరికి ఏ బల్ల కావాలో ఆ సరంజామా వాళ్లే తెచ్చి చూపించాలట.

మణెమ్మ ఊరి చివర క్రైస్తవపాలెంలో మిషను బడి పంతులమ్మ. ఆమెకు మంచినీళ్ల బల్ల కావాలి. ఇంకోటి బంగారంతో చేసిచ్చినా వద్దు. చిన్నప్పుడు ఆమె తమ్ముడు కృపానందం గత్తర, అదే కలరా, తగిలి పోయాడు. అప్పట్లో పాలెం వాళ్లను మంచినీళ్ల బావి గట్టెక్కనిచ్చేవాళ్లు కాదు. ఎవరన్నా దయతలచి చేదిపోస్తే దోసిట పట్టుకుని తాగాలి, లేకుంటే వాగు నీళ్లే గతి. ఆ వాగు నీళ్లే పిల్లాణ్ణి పొట్టన పెట్టుకున్నాయి. తర్వాత హైస్కూల్లో శ్రీమన్నారాయణ మేష్టారు మూడు కుండలు చెక్క స్టాండులో ఎడంగా ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఒకదాంట్లో ఇసక, ఒకదాంట్లో బొగ్గు వేసి, మురికినీళ్లు వడగట్టి, వాటిని కాచి తాగాలని చెప్పిన రోజు మణెమ్మ క్లాసులోనే భోరుమంది. ఇంత తేలికా? ఈ మాట ముందే ఎవరన్నా చెప్పి ఉంటే తమ్ముడు బతికేవాడు కదా! పాలెం పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టిన మేష్టారు ఆయన. మణెమ్మకు ఆయనంటే దేవుడి తర్వాత దేవుడు.

ఇంటర్వ్యూ రోజు మూడు కుండలూ రిక్షాలో పెట్టుకుని వచ్చింది. ఇంటి దగ్గరే వడగట్టి, కాచి చల్లార్చిన నీళ్లు అడుగు కుండలో నింపి తెచ్చింది. గోడౌను వరండాలో కుండలు నిలబెట్టి, పక్కన కూర్చుంది. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల ఇంటర్వ్యూ చేసే పెద్దమనుషులిద్దరి నోళ్లూ పిడచగట్టుకుపోతున్నాయి. బంట్రోతు వెంకట్రామయ్య వచ్చి, అడుగు కుండలోంచి రెండు గ్లాసులు ముంచుకుని లోపలికి పోయాడు.

"ఎక్కడియిరా ఈ నీళ్లు? చానా బాగున్నయ్యే!" అని త్రికోటేశ్వరరావు గొంతు వినిపించింది.

మణెమ్మ పొంగిపోయింది. రుచి చూశారు, మెచ్చారు, ఇక బల్ల తనదే అనుకుంది. పిచ్చిది.

పిలవగానే లోపలికి వెళ్లింది. మేష్టారు నవ్వుతూ, "నా శిష్యురాలండీ, చురుకైన పిల్ల" అన్నాడు. సైన్సు సంగతి ఒక్కటీ అడగకుండా త్రికోటేశ్వరరావు, "ఏ పాలెం అమ్మాయ్ మీది?" అన్నాడు. చెప్పింది. ఆయన తల పంకించాడు.

"మంచిదే. అట్టా నక్షత్రాల పటం కాడ నిలబడు. నీళ్ల బల్ల మాత్రం వొద్దు."

"ఎందుకొద్దండీ? నేను తెచ్చింది అదేగా!"

"చెబితే సరిపోతే నీకే ఇద్దుము. జనానికి గ్లాసుల్తో తాగించాలి గందా. నీ చేతి నీళ్లు ఎవురు తాగుతారమ్మా?"

మణెమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేష్టారు ఏదన్నా అంటాడేమోనని ఆయన వైపు చూసింది. ఆయన బల్ల మీది పెన్సిలు సర్దుకుంటున్నాడు.

"ఏందండీ ఎవురు తాగుతారంటారు? ఇప్పుడే ఇద్దరూ తాగారుగా! ఎంగిలి గ్లాసులు ఇంకా మీ ముందరే ఉన్నయ్యి. అయ్యి నా కుండలో నీళ్లే!"

త్రికోటేశ్వరరావు చివ్వున లేచాడు. "ఒరే ఎంకట్రామయ్యా, నీకు బుద్ధుందంట్రా!" అని గోడౌను దద్దరిల్లేలా అరిచాడు. పాపం బంట్రోతు, "కమిటీ కుండ అనుకున్నానండీ బాబూ" అని చేతులు జోడించాడు.

ఆ అరుపులకు మణెమ్మ బెదరలేదు. అరిచేవాడి సంగతి ఆమెకు తెలిసిందే. కానీ మేష్టారు లేచి, పెరట్లోకి నడిచాడు. అక్కడ సిమెంటు తొట్టిలో పచ్చగా నాచు కట్టిన నీళ్లున్నాయి. దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. ఆయన ఆ నీళ్లే చేత్తో తీసి నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మాడు. మళ్లీ పోసుకున్నాడు, మళ్లీ ఉమ్మాడు.

"మేష్టారూ! ఆ నీళ్లల్లో ఏముంటయ్యో మీరేగా నాకు చెప్పింది!" కిటికీలోంచి మణెమ్మ కేక వేసింది.

ఆయన మొహం ఇటు తిప్పకుండానే, "తెలుసమ్మా. ఏం జేసేది, అలవాటు. మనసు ఒప్పదు" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆమె ఒళ్లు భగ్గున మండింది. కుండలు రిక్షాలోకి ఎక్కించుకుని, నక్షత్రాల వైపు కన్నెత్తి చూడకుండా పాలెం వెళ్లిపోయింది. ఆ కుండలు తన బడి వరండాలో పెట్టింది. ఆ రోజు నుంచీ ఆ బడి గడప తొక్కే ప్రతి పెద్దమనిషినీ ఆమె ఇంటర్వ్యూ చేసేది. ప్రశ్నేమీ ఉండదు, గ్లాసుడు నీళ్లు. తాగినవాడు లోపలికి వస్తాడు. తాగనివాడు ఇన్‌స్పెక్టరైనా సరే వరండాలోనే నిలబడి, తిట్టుకుని పోయేవాడు. పై అధికారులకు ఆమె మీద చాడీలు వెళ్లాయి. వెళ్తే వెళ్లనీ అంది.

రెండేళ్లు తిరిగేసరికి మ్యూజియంలో వాలంటీర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నీళ్ల బల్ల దగ్గర మనిషే లేడు. ఒక మధ్యాహ్నం శ్రీమన్నారాయణ మేష్టారు చేతికర్ర పొడుచుకుంటూ పాలెం బడికి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు.

"మణెమ్మా, ఆ నీళ్ల బల్ల ఇక నీదేనమ్మా. త్రికోటేశ్వరరావుని నేను ఒప్పించాను. వచ్చెయ్" అన్నాడు.

ఆ బల్ల కోసం ఎన్నాళ్లు కలగన్నదో! అడుగు కుండలో గ్లాసు ముంచి, రెండు చేతులతో ఆయనకు అందించింది.

"తాగండి మేష్టారూ. ఇప్పుడే బయల్దేరతా."

ఆయన గ్లాసు అందుకున్నాడు. పెదవుల దాకా తీసుకెళ్లాడు. మెల్లిగా గ్లాసును పిట్టగోడ మీద పెట్టి, "ఎండ తగ్గాక వస్తానమ్మా" అని కర్ర తీసుకున్నాడు.

ఆయన బజారు మలుపు తిరిగేదాకా మణెమ్మ అక్కడే నిలబడి చూసింది. తర్వాత ఆ గ్లాసు తీసి, కన్నీళ్లతోపాటు ఆ నీళ్లూ గటగటా తాగేసి, లోపలికి వెళ్లి, "ఏందిరా ఆ గోల? పలకలు తియ్యండి!" అని పిల్లల మీద విరుచుకుపడింది.