శాటిన్ చొక్కా, కాటుక, మా కీబోర్డు

ఆ రోజుల్లో ఫోన్‌లో ఒక పాట చూడాలంటే డేటా అయిపోతుందేమోనన్న బెంగ ఒక పక్క, వెనకనించి అమ్మ చూస్తుందేమోనన్న బెంగ ఇంకో పక్క ఉండేవి. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. టాటానగర్‌లో టెల్కో కాలనీ దగ్గర చిన్న వర్క్‌షాపులో అప్రెంటిస్‌ని. వినాయక చవితి వస్తే కద్మాలో మన తెలుగువాళ్ళు వేసే పందిట్లో గాయకుణ్ణి (గాయకుణ్ణని నేనే అనుకునేవాణ్ణి, మిగతావాళ్ళు ‘ఆ అరిచే అబ్బాయి’ అనేవారు). నా పక్కన కీబోర్డు వాయించే స్నేహితుడు టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాడు. అందరూ వాణ్ణి కీబోర్డనే పిలిచేవారు. వాడే నాకు ఫోన్‌లో ఒక విదేశీ గాయకుణ్ణి చూపించాడు. కళ్ళకి కాటుక, మెడలో ముత్యాలు, గులాబీరంగు శాటిన్ చొక్కా. తను మగవాణ్ణే ప్రేమించానని లోకమంతటికీ చెప్పి, ఆ ప్రేమ మీదే పాటలు కట్టుకున్న మనిషి. ఆ సంగతి కీబోర్డు చెబుతూనే ఉన్నాడు గానీ నా చెవికెక్కలేదు. నా చూపు చొక్కా దగ్గరే ఆగిపోయింది.

భాలుబాసాలో ఒక ముసలి దర్జీ దగ్గరికి గుడ్డ పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి, “బేటా, యే లేడీస్ హై యా జెంట్స్?” అన్నాడు. “స్టైల్ హై చాచా” అన్నాను గర్వంగా. “అచ్ఛా, స్టైల్ కా నాప్ కైసే లేతే హైఁ?” అంటూ టేపు మెళ్ళో వేసుకుని, స్టైల్‌కి కొలతలెలా తియ్యాలా అని నిజంగానే ఆలోచనలో పడ్డాడు. కొలతలు ఏం తీశాడో ఏమో, చొక్కా ఇంటికొచ్చేసరికి మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. “ఏట్రా ఇది? జాకెట్టు గుడ్డతో చొక్కా కుట్టించావేటి? మీ నాన్న చూత్తే ఏటనుకుంటాడు?” అంది. నాన్న చూశాడు. చాలాసేపు చూసి, “చల్లగా ఉంటదేట్రా?” అని మాత్రం అడిగాడు.

పందిట్లో పాట రోజు సాయంత్రం ఆ చొక్కా వేసుకుని, మెళ్ళో గిల్టు ముత్యాలు తగిలించి, కళ్ళకి దట్టంగా కాటుక పెట్టి స్టేజీ ఎక్కాను. కీబోర్డు మామూలు తెల్లచొక్కాలో ఉన్నాడు. నన్ను చూసి వాడి ముఖం ఒక్కసారి వెలిగి, అంతలోనే ఆరిపోయింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. భాద్రపదం ఉక్క, పైన హాలోజెన్ దీపాలు. మొదటి చరణం దాటకముందే కాటుక చెంపల మీదికి జారడం మొదలుపెట్టింది. ముందు వరసలోంచి ఎవడో “అరే, రావణ్ రో రహా హై!” అన్నాడు, రావణుడు ఏడుస్తున్నాడట. పందిరంతా ఘొల్లుమంది. ఆ వెనకాల ఇంకో మాట వినిపించింది, అది ఇక్కడ రాయదగ్గది కాదు. ఆడంగి అన్నదే అందులోకెల్లా మర్యాదైన ముక్క. సాహిత్యం మరిచిపోయాను.

అప్పుడు కీబోర్డు నా మైకు తనవైపు తిప్పుకున్నాడు. అంతవరకూ వాడు నలుగురిలో పాడగా ఎవరూ వినలేదు. మెత్తగా, పైస్థాయిలో, పల్లవి చివర మాటని ఆ విదేశీ గాయకుడిలాగే సాగదీసి పాడాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ప్రసాదం గిన్నె పట్టుకున్న మా అమ్మ అలాగే నిలబడిపోయింది.

మర్నాడు సాయంత్రం కద్మా మార్కెట్లో గుప్‌చుప్ (అదే, పానీపూరీ) బండి పక్కన అరుగు మీద కూర్చున్నాం. “నిన్న ఆ మాటలన్నీ వాళ్ళు నిన్నే అన్నారు. నాకు తగిలాయిరా” అన్నాడు వాడు. “నీకేల తగలాలి? చొక్కా నాది కదా!” అన్నాను. వాడు నవ్వలేదు. “నీకు ఆయన చొక్కా నచ్చింది. నాకు ఆయన ఉన్నాడన్నదే నచ్చింది. అందరికీ చెప్పేసి కూడా ఆయన బతుకుతున్నాడు, పాడతన్నాడు.” జేబులోంచి మోటారుసైకిల్ తాళం తీసి, “మై భీ వైసా హీ హూఁ, యార్” అన్నాడు. ‘నేనూ అలాంటివాణ్ణే’ అని తెలుగులో చెబితే వాళ్ళమ్మకి చెప్పినట్టుంటుందని హిందీలో చెప్పాడట, తర్వాత ఎప్పుడో అన్నాడు. తాళం వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. నేను లేచి వెళ్ళిపోతానేమోనని, నాకంటే ముందే వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఏదైనా గొప్పమాట చెప్పాలనిపించింది. వాడి మొహం పీక్కుపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. “గుప్‌చుప్ తింటావేటి?” అన్నాను. వాడు తాళం జేబులో వేసుకున్నాడు. “కారం ఎక్కువెయ్యమను” అన్నాడు.

ఇప్పుడు కీబోర్డు కలకత్తాలో ఒక స్టూడియోలో పాటలకి సంగీతం కూరుస్తున్నాడు. తను ప్రేమించిన మనిషితోనే కలిసి ఉంటున్నాడు. వాళ్ళ నాన్న మాట్లాడ్డానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈమధ్య ఫోన్ చేస్తే “మీరిద్దరూ తిన్నారా?” అని అడుగుతున్నాడట. ఆ ‘ఇద్దరూ’ అన్న మాట నాకు చెప్పడానికి వాడు పనిగట్టుకుని ఫోన్ చేశాడు. నేనూ ఈలోగా కాస్త చదివాను, నాలుగు పెద్దమాటలు నేర్చాను. ఇవాళ ఎవరైనా వచ్చి అలాంటి సంగతి చెబితే గొంతు సవరించుకుని అరగంట ఉపన్యాసం దంచగలను. ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాడికి అవేవీ తెలియవు. ఎదుటివాడు పొద్దుటినుంచీ ఏమీ తినలేదన్నది మాత్రం కనిపెట్టాడు.