కరీముల్లా సార్ ఎటువైపు

మొన్న గుంటూరులో ఒక జిరాక్స్ షాపులో నిలబడితే, మెషిన్‌లోంచి వచ్చే వేడి కాగితాల వాసనకి కరీముల్లా సార్ గుర్తొచ్చారు. నరసరావుపేటలో ఆయన నడిపిన కంప్యూటర్ సెంటర్‌లో ఎప్పుడూ అదే వాసన. ముందు గదిలో జిరాక్స్, వెనక గదిలో మా లోకం. కంప్యూటర్లో తెలుగు టైప్ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ గదిలోనే పుట్టింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూసి మార్చుకోవచ్చు. దానిమీద పనిచేసే మేమందరం సాయంత్రాలు వీలు చూసుకుని వచ్చేవాళ్ళమే. జీతం లేదు, టీ మాత్రం సార్ తెప్పించేవారు. ఏ మార్పయినా చివరికి ఆయన ఒప్పుకుంటేనే అందులో చేరేది.

అప్పట్లో నాకు తొందరెక్కువ. కీబోర్డు మీద టైపురైటర్ నాటి పాత అక్షరాల అమరికను తీసేద్దామని పట్టుబట్టాను. పాతదీ కొత్తదీ రెండూ మోయాల్సి రావడంతో ప్రతి మార్పూ రెట్టింపు పనయ్యేది. సెంటర్‌కి వచ్చేవాళ్ళంతా నా మాటే అన్నారు. నూజెండ్ల నుంచి ఫోన్‌లో కలిసే రత్నం టీచర్ ఒక్కరే కాదన్నారు. "ఓటేద్దాం సార్, తేలిపోతుంది" అన్నాను.

"ఓటేస్తే ఏం తేలుద్దమ్మాయ్? ఆమె ఓడిపోద్ది, అంతే. మనమేమన్నా జీతమిచ్చి కూర్చోబెట్టామా? రేపు ఆమె రానంటే ఏం చేస్తాం?"

నాకు ఒళ్ళు మండింది. "అయితే కోడంతా కాపీ తీసుకుని వేరు కుంపటి పెట్టుకుంటా" అన్నాను. ఉత్త బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను. సగం మంది నాతో వచ్చేసేవారు కూడా.

"పెట్టుకో. కోడు అందరిదీ, ఆపటానికి నేనెవర్ని?" అన్నారు సార్ తాపీగా. "కాకపోతే ఎల్లే ముందు నాతో ఒకసారి నూజెండ్ల రా."

ఆదివారం బస్సెక్కాం. మేం వెళ్ళేసరికి రత్నం టీచర్ చర్చి నుంచి అప్పుడే వచ్చారు. ఆవిడ తన ఇంటి వరండాలో ఊళ్ళో ఆడవాళ్ళకి టైపింగ్ నేర్పేవారు. వాళ్ళ వేళ్ళకి పాత అమరికే అలవాటు. "మళ్ళీ మొదట్నించీ నేర్చుకోమంటే సగం మంది మానేస్తారమ్మా" అన్నారు. నాకు జాలేసింది. కానీ దాంతో నా పని తగ్గదుగా! అదే మాట ఆవిడతోనూ అనేశాను.

అప్పుడు సార్ ఆవిడను అడిగారు. "పాతదాన్ని విడిగా పెడదాం. దాని బాగోగులు మీరే చూసుకుంటారా?"

ఆవిడ "నేర్పితే చూసుకుంటా" అన్నారు.

సార్ నావైపు తిరిగారు. "నచ్చిందా అని అడగట్లా. దీంతో సర్దుకోగలవా?"

ఆ నేర్పే పని నా మెడకే చుట్టుకుంటుందని తెలిసి కూడా ఊఁ అన్నాను.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "ఇంతకీ మీరు ఎటువైపు సార్?"

"నీవైపే. మొదట్నించీ."

నోరెళ్ళబెట్టాను. "మరి ఒక్క మాట చెప్తే అయిపోయేదిగా!"

"అందుకే చెప్పలా. నేను నోరు తెరిస్తే చానామంది ఆలోచించటం మానేస్తారు. రత్నం టీచరైతే ఇంక ఫోనే ఎత్తదు."

సార్ పోయాక, ఏ మార్పు చేరాలో చివరి మాట చెప్పే బాధ్యత అందరూ కలిసి నాకు అప్పగించారు. రత్నం టీచర్ పాత అమరికను ఇప్పటికీ చూసుకుంటున్నారు, నాతో ఇప్పటికీ వాదిస్తున్నారు. చర్చ మొదలవగానే నా అభిప్రాయం నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, అందరూ చెప్పేదాకా కూర్చుంటాను. ఒక్కోసారి నాకు నచ్చనిదే ఖాయమవుతుంది. నా చేత్తోనే దాన్ని కోడ్‌లో చేరుస్తాను. అలాంటప్పుడు ఆయన మీద బెంగ పుడుతుంది. మనసులో మాట ఆపుకుని కూర్చోవడం ఇంత కష్టమని ఆయన మాకు ఒక్కనాడూ తెలియనివ్వలేదు.