అక్కయ్య కొడుకు

జ్ఞానప్రసూనాంబ తన కడుపున పుట్టిన ప్రద్యుమ్నని ఎవరికి చూపించినా "మా అక్కయ్య కొడుకండీ" అంటుంది. అతను వచ్చి పక్కన కూర్చుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటుందే తప్ప తల నిమరదు. దత్తు తీసుకున్న అక్కయ్యా బావగారూ పోయాక, ఆ దత్తతే జరగలేదంటూ ఉయ్యూరు చెరకు పొలం కోసం బావగారి తమ్ముళ్ళు దావా వేశారు. ఇవాళ బెజవాడ కోర్టులో ఆమే సాక్షి.

"అసలు మీరు బిడ్డని ఇవ్వనేలేదు, అవునా?" అన్నాడు వాళ్ళ ప్లీడరు.

"ఇచ్చానండీ. అక్కయ్య ఒళ్ళో పెట్టాను."

"ఎలా పెట్టారో చూపించండి."

బోనులో ఆమె చేతులు చాచింది. లేని పసివాడి మెడ కింద అరచెయ్యి ఆనించి ముందుకు వంగింది. ప్లీడరు చాలన్నా ఆ చేతులు వెనక్కి రాలేదు. ఎప్పుడూ పిన్నీ అని పిలిచే ప్రద్యుమ్న వెనక బెంచీ మీంచి "అమ్మా!" అన్నాడు.

ఆమె బెదిరిపోయి జడ్జిగారి వైపు తిరిగింది.

"మా అక్కయ్య కొడుకండీ."