నేను బోటు తిప్పలేదు

ఏడేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

మేము చేపల వేట మీద బతికేవాళ్ళం. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా రేవులో అందరికీ తెలుసు. మలేషియాలో పనిచేసే నా తమ్ముడు మూడేళ్ళ తర్వాత ఇంటికొచ్చాడు. వచ్చిన మర్నాడే జ్వరం. అయిదో రోజుకు ఒళ్ళు చల్లబడింది. ఏటా వేసవిలో సముద్రం మీద ఉండే వేట నిషేధం ఆ రోజే ముగిసింది. జ్వరం తగ్గింది కదా అని వాణ్ణి లేపి బోటెక్కించాను.

బోటులో మేమిద్దరమే. వల లాగుతుంటే వాడు తాడు వదిలేసి కూలబడ్డాడు.

"అన్నయ్యా, బోటు తిప్పెయ్యి. కడుపులో మెలిపెట్టేత్తంది."

తొలి వేటకు వెళ్ళిన బోటు ఉత్తగా తిరిగొస్తే ఆ ఏడంతా గంగమ్మ మొహం చాటేస్తుందని మా పట్టింపు.

"తొలి వేటకొచ్చి ఉత్త బోటు తిప్పమంటావేంట్రా? అక్కడ ఒళ్ళు మెత్తబడిపోయిందా?"

తెడ్డుతో వీపు మీద కొట్టాను. లేవలేదు. డొక్కలో తన్నాను. ఒక్కసారి కాదు. వాడు అరుస్తాడని, తిరగబడతాడని చూశాను, అలా చేస్తే నా కోపం దిగేదేమో, కానీ వాడు మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని ఊరుకున్నాడు. మళ్ళీ తన్నాను. అప్పుడు రక్తం కక్కాడు. అప్పటిదాకా నేను బోటు తిప్పలేదు.

ఆసుపత్రిలో డెంగ్యూ అన్నారు. మలేషియాలోనే దోమ కుట్టి ఉంటుందన్నారు. జ్వరం తగ్గిన రోజే ప్రమాదమట.

"కడుపు మీద దెబ్బేమైనా తగిలిందా?" అని డాక్టరుగారు అడిగారు.

"లేదండి," అన్నాను.

తమ్ముడు మెలకువగానే ఉన్నాడు. నా మాట విన్నాడు. నన్ను ఒకసారి చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నన్ను కాపాడాడా? అసహ్యించుకున్నాడా? మర్నాడు పొద్దున్నే పోయాడు. ఒంటి మీది నల్లటి మచ్చలన్నీ జబ్బువే అనుకున్నారు.

దోమ అక్కడిదన్నా వినకుండా, అమ్మ పెరట్లో నీళ్ళ కుండలన్నీ రోకలితో బద్దలు కొట్టింది. ఇప్పటికీ దోమ కనిపిస్తే చంపాక కూడా నలుపుతూనే ఉంటుంది. నేను పక్కనే కూర్చుని అన్నం తింటాను.

నేను తన్నకపోతే బతికేవాడా? నిజం చెప్పి ఉంటే డాక్టరుగారు ఏమైనా చేయగలిగేవారా? తెలియదు. తెలియకపోవడం నాకు కలిసొచ్చింది కూడా, అందుకే ఎవరినీ అడగలేదు.

చావబోతున్న నా తమ్ముణ్ణి నేను తన్నాను. ఈ మాట రాసి, పైకి చదివాను. గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.