ప్రతి బల్ల మీదా ఆ నారింజ సీసా

ఆ వార్తను నాకు మొట్టమొదట మోసుకొచ్చింది సునీతక్క. కువైట్‌లోని అబ్బాసియాలో నర్సు, మా ఊళ్లో మా పక్కిల్లే. ఆ మంచి మనిషి చెప్పిన ఒక్క శుభవార్త పట్టుకుని, మా ప్రార్థన కూటాన్నంతటినీ నేను ఏ గోతిలో దించానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోవడానికి ఒక జ్ఞాపకమిచ్చినందుకు కూడా దేవునికి స్తోత్రమే.

"రూతూ! మీ సుధాకర్‌కి ఉద్యోగమొచ్చిందే! దేశదేశాల్లో ఉన్న కంపెనీ అంట!" అంది ఫోన్లో.

నేనప్పుడు ముబారక్ అల్ కబీర్‌లో, మేం మామా అని పిలిచే యజమానురాలి ఇంట్లో ఇస్త్రీ చేస్తున్నాను. సంతోషంలో పెట్టె అలాగే వదిలేశాను. అయ్యగారి తెల్లటి అంగీ వీపు మీద గోధుమరంగు పడవొకటి వెలిసింది. కంగారుపడకండి, అసలు ప్రమాదం అది కాదు.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఏం తయారు చేస్తారురా మీ కంపెనీలో?"

"నారింజ తొక్కలు, పంచదార, ఏయో మూలికలు... కలిపి సీసాల్లో నింపుతామక్కా."

"ఇంకేం కలుపుతారు?"

"ఇంకా... అది కంపెనీ రహస్యం." కాస్త నీళ్లు నమిలాడు. "ఎవరో ముసలాయన ఇంటెనకాల ఒక్క రాగి కాగుతో మొదలెట్టాడంట. ఇప్పుడు ఆ దేశంలో ఒక కంపెనీ, ఈ దేశంలో ఒక కంపెనీ కొనుక్కుంటా పోతన్నారు. ఇంకా పెరిగితేనే నన్ను పర్మనెంట్ చేత్తారంట. లేదంటే ఇంటికే."

వాడికి అప్పటిదాకా ఏ ఉద్యోగమూ నిలవలేదు. ఇదైనా నిలవాలని నా ప్రాణం కొట్టుకుంది.

సీసా ఫొటో పంపాడు. పొడుగాటి మెడ, బంగారు కాగితం చుట్టిన మూత, మీద నారింజ కొమ్మ. నేను బడి మొహం చూడలేదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్పిన తెలుగే నా చదువు. సీసా మీది ఇంగ్లీషు నాకు పూలతీగలా కనిపించింది. పైగా కువైట్‌లో మద్యం దుకాణమన్నదే ఉండదు. ఇక్కడ బంగారు మూత సీసా అంటే ద్రాక్షరసమో దానిమ్మరసమో. పండగపూట మామా పిల్లల గ్లాసుల్లో పోసేది అదే. ఏళ్ల తరబడి చూసీ చూసీ, లోకంలో అందమైన సీసాలన్నీ పిల్లల కోసమేనని నా బుర్రలో స్థిరపడిపోయింది.

ఇక మొదలయ్యాయి కలలు. ఇస్త్రీ ఆవిరి లేచినప్పుడల్లా నారింజ పూల వాసన. కిటికీ అవతల దుమ్ముగాలి వీస్తుంటే, దేశం అంచున ఉన్న వఫ్రా దాకా ఇసుకంతా తోటలైపోయి, కొమ్మకొమ్మకీ చిన్న దీపంలా పండు వెలిగేది. ముసలాయన రాగి కాగు చందమామంత పెద్దదై, దేశాల మీదుగా మెల్లగా తేలిపోయేది. అందులో మా తమ్ముడు తెల్లటోపీ పెట్టుకుని గరిటె తిప్పుతుండేవాడు.

"యల్లా రూత్! చాయ్!" అని మామా కేకేస్తే తప్ప నేలకు దిగేదాన్ని కాదు.

శుక్రవారం కూటంలో లేచి సాక్ష్యం చెప్పాను. "పిల్లల పానీయాలు చేసే కంపెనీ. అది పెరిగితేనే మా తమ్ముడు నిలుస్తాడు. ప్రార్థన చేయండి."

పాస్టర్‌గారు కళ్లు మూసుకుని గొంతెత్తారు. "ప్రభువా! ఆ కంపెనీ సరిహద్దులు విశాలపరచు! ప్రతి దేశంలో, ప్రతి ఇంట, ప్రతి బల్ల మీద ఆ సీసా ఉండునుగాక!"

"ఆమేన్!" హాలు దద్దరిల్లింది. వెనక వరసలో ఎప్పుడూ కునుకు తీసే డ్రైవర్ యోహానన్నయ్య ఆమేన్ అందరికంటే గట్టిగా వినిపించింది. తర్వాత వారాల్లో కొందరు ఉపవాసం కూడా ఉన్నారు.

ఈలోగా సునీతక్క సెలవు మీద ఊరెళ్లింది. "మామాకి దగ్గు తగ్గట్లేదక్కా, తమ్ముణ్ణడిగి ఒక సీసా తీసుకురా" అని చెప్పి పంపాను. తిరిగొచ్చిన శుక్రవారం అక్క తిన్నగా కూటానికే వచ్చింది.

"సీసా ఏదక్కా?" అన్నాను అందరి ముందూ.

"సీసానా! తెచ్చుంటే ఇమానం దిగ్గానే నన్ను లోపలేసేవోళ్లే తల్లీ! అడగ్గానే మీ తమ్ముడు నా కాళ్ల మీద పడ్డాడు. అది మద్యమే రూతూ! బ్రాందీకి తోబుట్టువంట, తియ్యగా ఉంటాదంట!"

ఉపవాసమున్నవాళ్లు నావైపు చూసిన చూపు పగవాళ్లకు కూడా వద్దు.

"ఇంకో మాట కూడా చెప్పమన్నాడు," అక్క గొంతు తగ్గించింది. "మన ప్రార్థన ఫలించిందంట. కంపెనీ ఇంకో దేశంలో ఇంకో కంపెనీని కొనేసింది. వాణ్ణి పర్మనెంట్ చేశారు."

పాస్టర్‌గారు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. అప్పుడే మెలకువ వచ్చిన యోహానన్నయ్య వెనకనుంచి "ఆమేన్!" అన్నాడు.

మామా మాత్రం చాలాకాలం అడిగింది, నారింజ సీసా ఎప్పుడొస్తుందని. "ఖలాస్ మామా" అని అల్లం టీ పెట్టిచ్చేదాన్ని.

సీసాలో ఏముందో మూత తీసి వాసన చూడకుండా ఇక ఏ కంపెనీ కోసమూ మోకరించనని, కాలిన ఆ అంగీ సాక్షిగా ప్రమాణం చేశాను.

చివరగా ఒక మనవి. మీ ప్రార్థనల్లో మా సుధాకర్‌ని జ్ఞాపకం చేసుకోండి, వాడికి ఇంకో మంచి పని దొరకాలని. వాడి పేరు పెట్టి అడగండి. కంపెనీ ఊసు మాత్రం ఎత్తకండి. అది ఇప్పటికే చాలా పెరిగింది.