పారేయమన్న పిప్పి

మా తమ్ముడు పారేయమన్నదాన్ని నేను దాచిపెట్టాను. జరిగిందంతా అక్కడి నుంచే మొదలైంది.

అప్పుడు మేం ఎల్బీనగర్‌లో కొడుకు, కోడలితో కలిసి కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ళు తిరక్కుండానే కడుపులో క్యాన్సర్ అన్నారు, కీమో మొదలుపెట్టారు. జుట్టు రాలితే నేను భయపడలేదు. తిండి మానేస్తే భయపడ్డాను. అన్నం ఉడికే వాసనకే వాంతి చేసుకునేవాడు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, దవాఖాన కాగితాలు చదవలేను. కానీ ఆయన చేతి గడియారం మణికట్టు దగ్గర ఆగకుండా మోచేతి దాకా జారుతుంటే, ఇంకే కాగితం చదవాలి?

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. నల్లగొండ పక్క మా ఊరి నుంచి తమ్ముడు బావను చూడటానికి వచ్చాడు. సంచిలోంచి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టి తలుపు దగ్గరగా వేశాడు. గుట్ట మీది బైరాగుల దగ్గర తెచ్చిన గంజాయి ఆకు. మా చిన్నప్పుడు ఊళ్ళో బర్రె కడుపు ఉబ్బితే ఆ ఆకు బెల్లంలో పెట్టి మింగించేవాళ్ళు, అది నాకు కొత్త కాదు. మనిషికి పెట్టడమే కొత్త.

"చిటికెడు ఆకు, పాలల్ల ఒక్క పొంగు రానియ్యి. వడగట్టి అర గిలాస ఇయ్యి. పిప్పి మాత్రం పారెయ్యే అక్కా, బర్రెకు సుత పెట్టకు. ఎవ్వలకు చెప్పకు, పోలీసోళ్ళు పట్టుకుంటే నన్నే పట్టుకుంటరు."

ఆ పాలు తాగిన రోజు మధ్యాహ్నం మా ఆయన పచ్చిపులుసు అడిగాడు. అడిగి, రెండుసార్లు కలుపుకొని తిన్నాడు. కంచంలో ఒక్క మెతుకు మిగల్లేదు. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. సాయంత్రం దాకా పడుకుని లేచాడు. నాలుక ఎండుతోంది అన్నాడు, అంతే. మరో రెండు రోజులు కూడా అలాగే గడిచాయి. నేను మాత్రం గంటకోసారి వెళ్ళి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చేదాన్ని.

ఆకు అయిపోయింది. తమ్ముడు మళ్ళీ వద్దామంటే బస్సులు బందైనాయి. నా దగ్గర పిప్పి ఉంది. టీ పొడిని రెండుసార్లు మరిగించేదాన్ని, బియ్యం కడిగిన నీళ్ళు కూరలో పోసేదాన్ని, పిప్పి ఎందుకు పారేస్తాను? స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. సారమంతా పాలలోకి దిగిపోయుంటుంది, దీంట్లో మిగిలిందేదో కొంచెమే కదా అనుకున్నాను. అందుకే మూడు రోజుల పిప్పినీ పుట్నాలు, బెల్లంతో నూరి నాలుగు ఉండలు చేశాను.

పొద్దున ఒకటి పెట్టాను. అరగంట చూశాను, ఏమీ లేదు. అన్నం గిన్నె మూత తీస్తే మొహం తిప్పుకున్నాడు. సారం పోయిందనుకొని రెండోది పెట్టాను.

గంట దాటాక చూస్తే మంచం పట్టె గట్టిగా పట్టుకొని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గోడ ముందుకొస్తోందన్నాడు. గుండె మీద చెయ్యి పెడితే లోపల ఎవరో తలుపు బాదుతున్నట్టుంది. చేతులు చల్లబడ్డాయి. లేచి నిలబడబోయి కూలబడ్డాడు. కోడలు పరుగెత్తుకొచ్చి, పొద్దున మామకు ఏం పెట్టినవ్ అత్తమ్మా అని అడిగింది. బెల్లం, పుట్నాలు అన్నాను. అది అబద్ధం కాదు. కొడుకు ధర్నాలో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. మా సందులోని ఆటోవాడే మమ్మల్ని ఎక్కించుకున్నాడు.

ఆటోలో మా ఆయన ఇనుప కడ్డీ పట్టుకొని స్టాపులు పిలవడం మొదలుపెట్టాడు. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, దిగేటోళ్ళు ముందుకు రాండ్రి అని. మా ఎదురుగా ఎవరూ లేరు. కోడలు ఏడుస్తోంది. కొత్తపేట దగ్గర సమ్మెవాళ్ళు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆటో ఆగిపోయింది. గంటెతో కిచిడీ కలుపుతున్న ఒకావిడ లోపలికి తొంగి చూసింది.

"ఏందమ్మా, తాత పొద్దుగాల్నే ఎక్కిచ్చిండా?"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. కోడలు క్యాన్సర్ పేషెంటని చెప్పగానే ఆవిడ నవ్వు పోయింది. తనే కాలుతున్న కట్టెలు పక్కకు లాగి, జర జరుగుండ్రి అని దారి చేసింది. దారినపోయే మనిషికి ఒక్క చూపుతో మత్తని తెలిసింది, నేను ఇంకా బెల్లం, పుట్నాలు అంటున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న దవాఖానలో చేర్చుకున్నారు. గుంటూరు వైపు డాక్టరమ్మ, మా కోడలి వయసుంటుంది. నాడి చూసి, బీపీ చూసి, మాట తడబడుతోంది, మెదడులో రక్తం గడ్డ కట్టిందేమో, లేకపోతే జబ్బు పైకి పాకిందేమో అంది. స్కాన్ చేయాలి, అది ఇక్కడ లేదు, ఊరికి ఆ చివరనున్న పెద్దాసుపత్రికి పంపాలి అంది. దారిలో అన్ని అడ్డంకులు దాటుకొని, ఈ మనిషిని. అంబులెన్సు కోసం నర్సు ఫోను తీసింది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"అమ్మా, పొద్దుటి నుంచి ఏమేం పెట్టారో ఒక్కటీ వదలకుండా చెప్పండి. నాటు మందైనా సరే. తెలియకుండా నేను ఇంకో మందు వేస్తే ఆయనకే కష్టం."

నా కళ్ళ ముందు తమ్ముడి చేతులకు బేడీలు కనిపించాయి. వాడికి నేను తప్ప అక్కాచెల్లెళ్ళు లేరు. మంచం మీద ఈయన, ఎవరో చిల్లర ఇవ్వలేదని గొణుగుతున్నాడు. కోడలి వైపు చూడకుండా చెప్పాను.

"గంజాయాకు పెట్టిన బిడ్డా. రెండు ఉండలు. మూడు దినాల పిప్పితోని చేసినయ్. పోలీసోళ్ళకు చెప్తవా?"

డాక్టరమ్మ నర్సును ఫోను పెట్టేయమంది. తను పోలీసు కాదంది. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇక్కడే కనిపెట్టుకొని ఉంటానంది, మాట కుదురుకోకపోతేనే పంపిస్తానంది. సెలైన్ పెట్టించి, లైటు తీయించి, మెల్లగా మాట్లాడుతూ పక్కన కూర్చోమని నాకు చెప్పింది. సాయంత్రం నాలుగైనా గుండె దడ పూర్తిగా తగ్గలేదు. అంతసేపూ ఆయన చెయ్యి పట్టుకొని, దేవుడా, మింగించింది నేనే అనుకుంటూ కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు నా వైపు తిరిగి, ఏమే, మనం దిగాల్సిన స్టాపు దాటిందా అన్నాడు. తర్వాత తనే సిగ్గుపడి నవ్వాడు.

పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. వాంతులకు, ఆకలికి ఆ ఆకులో గుణం లేదని తను అనదట. కొన్ని దేశాల్లో దాన్నుంచి మందు తీసి, కొలత ప్రకారం ఇస్తారట. కానీ మీ ఉండలో ఎంతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు అంది. పొగ తాగితే వెంటనే ఎక్కుతుంది, తింటే గంటా రెండు గంటలు పడుతుంది, ఎక్కలేదని ఇంకోటి పెట్టడం దగ్గరే అందరూ దెబ్బ తింటారు అంది. ఆయనలా బీపీ మాత్రలు వేసుకునే మనిషికి గుండె మీదికి వస్తుందట. వయసు పిల్లలు అలవాటు చేసుకుంటే బుద్ధే చెడుతుందట. పాలలోకి సారమంతా దిగదనీ, చాలా భాగం పిప్పిలోనే ఉంటుందనీ కూడా చెప్పింది. తమ్ముడికి ఆ సంగతి తెలుసు. నేను వినలేదు.

వాంతుల మాత్ర మార్చి రాయమని కీమో డాక్టరుకు చీటీ ఇచ్చింది. కొత్త మాత్రతో కాస్త మేలైంది, కాస్తే. నాలుగు ముద్దలు తినేవాడు. మిగిలిన రెండు ఉండలూ ఇంటికి రాగానే మోరీలో వేసి, రెండు చెంబుల నీళ్ళు పోశాను. ఆ రోజు నుంచి ఆయనకు ఏం పెట్టినా, మిరియాల కషాయమైనా సరే, క్యాలెండర్ గడిలో నా వంకర అక్షరాలతో రాసి, కీమోకు వెళ్ళినప్పుడు ఆ కాగితం చింపి తీసుకెళ్ళేదాన్ని. ఉండలు పెట్టిన రోజు గడి మాత్రం, తమ్ముడి సంగతి బయటపడకుండా, ఖాళీగా వదిలేశాను.

మరుసటి ఎండాకాలంలో ఆయన పోయాడు. పోయే ముందు రెండు మూడుసార్లు, ఆ పాలు ఇంకొక్కసారి ఇయ్యరాదే, పచ్చిపులుసు తినబుద్ధైతుంది అని అడిగాడు. నేను ఇవ్వలేదు. అర గిలాస పాలతోనే ఆపి ఉంటే, దాచకుండా ముందే డాక్టరును అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఇప్పటికీ పచ్చిపులుసు చేసిన రోజు నాకు ముద్ద దిగదు. తమ్ముడు కూడా పోయాడు. ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి, ఖాళీగా వదిలిన ఆ గడిలో రాయాల్సింది ఇక్కడ రాశాను.